పేరమ్మ సత్రం గంట

నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మావాళ్ళందరూ అంటారు. ఉంటే ఉందిలెండి. ఆ కోపమే లేకపోతే ముప్పై నాలుగేళ్ళు బడిలో సుద్దముక్క పట్టుకునేదాన్నే కాదు. నా మొదటి ఉద్యోగంలో నేను చేరానంటే, దానికి ముందు రోజు సాయంత్రం గుండ్లకమ్మ ఒడ్డున పేరమ్మ సత్రంలో ఒక ఆకు ముందు కూర్చోగలిగాను కాబట్టే.

పందొమ్మిది వందల యాభై ఏడు, అక్టోబరు. ట్రెయినింగు పాసయి రెండేళ్ళు ఖాళీగా ఉన్నాను. ఖాళీ అంటే కాళ్ళు చాపుకుని కూర్చున్నానని కాదు. కాలాన్నిబట్టి పత్తి ఏరాను, మిరపకాయలకి తొడిమలు తీశాను, చేతుల మంటకి ఏడ్చాను. అప్పుడొచ్చింది కాగితం. పొదిలి బోర్డు హైస్కూల్లో టీచరు ఉద్యోగం. పొదిలి ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. ఇరవై ఐదో తారీఖు శుక్రవారం సాయంత్రం ఐదులోపల వచ్చి చేరాలనీ, లేకపోతే లిస్టులో నా తరవాతి పేరుకి ఇచ్చేస్తామనీ అందులో స్పష్టంగా రాశారు. ఆ కాగితం మా ఊరు చేరిందే బుధవారం మధ్యాహ్నం.

గురువారం కోడికూతకే మా నాన్నా నేనూ బయల్దేరాం. మా నాన్న పేరు ఏసోబు. చిలకలూరిపేట పక్కన ఒక ఆసామి దగ్గర పాలేరుగా ఇరవై ఎనిమిదేళ్ళు బండి తోలాడు. నెమ్మదస్తుడు. ఎంత నెమ్మదస్తుడంటే, ఆయన మాట వినాలంటే పక్కనే నిలబడాలి. నా కోపమంతా మా అమ్మ తరపు నుంచి వచ్చింది.

అద్దంకి దాకా బస్సు దొరికింది. అక్కణ్ణించి రేవు దాకా బురదలో నడక. మామూలు రోజుల్లో చీర కాస్త ఎత్తిపట్టుకుని దాటేయగలిగే ఏరు, మేం వెళ్ళేసరికి ఎర్రగా ఒడ్లు ఒరుసుకుంటూ పోతోంది. పైన ఎక్కడో తుపాను వాన కురిసిందట. ఒడ్డున వందమంది పైనే జనం. సగం మంది రైతులు. తడి గోనెల్లో చుట్టిన మిరపనారు కట్టలు ముందు పెట్టుకుని దిగాలుగా కూర్చున్నారు. రేపో ఎల్లుండో నాటకపోతే ఆ నారు పనికిరాదు.

పడవ నడిపే మాబుని అడిగాను. "ఇయ్యాళ కుదరదమ్మా. పొద్దునకి తగ్గుద్ది, అప్పుడు ఏస్తా," అన్నాడు. "సత్రంలో భోంచేసి చీటీ తీసుకోండి. పడవ సత్రానిదే. సత్రంలో తిన్నోళ్ళకి ఆకు దగ్గరే చీటీ ఇస్తారు. చీటీ ఉన్నోళ్ళని ముందు దాటిస్తా. బండ్ల షెడ్డులో ఉన్నోళ్ళంతా మధ్యాన్నం పైనే."

"అవతల పొదిలి బస్సు ఎన్నింటికి?"

"పదింటికి. అది పోయిందా, మళ్ళీ శనివారమే."

అంటే ఆ చీటీ చేతికొస్తే నేను టీచర్ని. రాకపోతే మళ్ళీ మిరపకాయల తొడిమలే.

ఇక సత్రం సంగతి. రెండు వందల ఏళ్ళ కిందట పేరమ్మ అనే ఆవిడ కట్టించిందట. ఆవిడ యాత్రకి పోతూ ఎక్కడో ఒక సత్రంలో ఆఖరున వచ్చినందుకు ఆకలితో పడుకుందట. ఆ కడుపుమంటతో తన సత్రానికి ఒక నియమం పెట్టింది. గుమ్మంలో ఇత్తడి గంట ఉంటుంది. వచ్చినవాళ్ళు మనిషికొకసారి కొట్టాలి. లోపల వంటామె గంట విన్నప్పుడల్లా గిన్నెలో ఒక చింతగింజ వేసి, ఒక మనిషికి సరిపడా బియ్యం కొలిచి ఎసట్లో పోస్తుంది. సాయంత్రం ఎన్ని గింజలున్నాయో అంతమందీ వచ్చి ఆకు ముందు కూర్చుంటేగానీ గరిటె లేవకూడదు. మొదట వచ్చినవాడైనా, ఆఖరున వచ్చినవాడైనా మొదటి ముద్ద ఒకేసారి తినాలి. అదీ నియమం. తరాలు మారినా అది మాత్రం తప్పలేదు.

నేను ముందు నడుస్తున్నాను. నాన్న ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని వెనకాల బురదలో కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తున్నాడు. సత్రం అరుగుమీద మేనేజరు సీతారామాంజనేయులు గారు పడక్కుర్చీలో ఉన్నారు. పేరు అంత పొడుగు, మనిషి ఇంత. నా ఇస్త్రీ చీరా, చేతిలో గొడుగూ, కాలికి చెప్పులూ చూసి గభాల్న లేచారు.

"రండమ్మా, రండి. తడిసిపోయినట్టున్నారే! ఎందాకా?"

"పొదిలి హైస్కూలుకండీ. టీచరుగా చేరాలి."

"శుభం! గంట కొట్టి లోపలికి దయచేయండి. ఎంతమంది?"

"ఇద్దరం."

"అయితే రెండుసార్లు కొట్టండమ్మా."

కొట్టాను. టంగుమని రెండుసార్లు మోగింది. లోపలినుంచి గిన్నెలో గింజలు పడ్డ చప్పుడు కూడా విన్నాను. అప్పుడొచ్చాడు నాన్న. మేనేజరు గారు ఆయన్ని చూసి నవ్వారు.

"ఏరా ఏసోబూ! నువ్వేంట్రా ఇక్కడ? అమ్మగారి పెట్టె మోసుకొచ్చావా?"

నాన్న ఆ ఒక్కమాటకీ 'అవునండి' అని ఉంటే సరిపోయేది. నేను లోపల, ఆయన షెడ్డులో. పొద్దున్నే నా చీటీ నా చేతిలో ఉండేది. కానీ ఆయన పెట్టె దించి, తలపాగా విప్పి చేత్తో పట్టుకుని, జన్మలో మొదటిసారి గర్వంగా చెప్పాడు. "మా అమ్మాయేనండి. రెబ్కా. టీచరు ఉద్యోగం వచ్చిందండి."

మేనేజరు మొహంలో రంగు మారడం నేను కళ్ళారా చూశాను. ఒక్క క్షణంలో అమ్మా పోయింది, అండీ పోయింది.

"అట్టాగా. ముందే చెప్పొద్దూ? సరే, కొట్టింది కొట్టావు. షెడ్డులో కూర్చోండి ఇద్దరూ. ఆకులో పెట్టి పంపిస్తాను."

"మరి చీటీ?"

"చీటీ లోపల తిన్నవాళ్ళకి."

"అయితే లోపలే తింటాం."

నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "పోదాంలే అమ్మా. షెడ్డు బాగానే ఉంటది. నేనెన్నిసార్లు పడుకున్నానో." నిజమే, ఆసామి బండితో ఆ రేవుకి లెక్కలేనన్ని సార్లు వచ్చాడు. సత్రం లోపల ఎలా ఉంటుందో మాత్రం ఆయనకి తెలియదు. వాన జల్లులో ఎడ్ల పక్కన ముడుచుకుని పడుకోవడం తెలుసు. నాకు మేనేజరు మీద కంటే ఆ నిమిషాన నాన్న మీదే ఎక్కువ మండుకొచ్చింది.

"రేపు మధ్యాన్నం దాటితే ఆ ఉద్యోగం నాది కాదు నాన్నా. షెడ్డు బాగుంటే నువ్వెళ్ళు. నేను కదలను," అన్నాను. ఆయన వెళ్ళలేదు. నా వెనకాల నిలబడ్డాడు.

దీపాలు పెట్టే వేళయింది. భోజనాల సావడిలో రెండు వరసలుగా విస్తళ్ళు వేశారు. రాతి స్తంభాల మధ్య, నున్నటి బండల మీద జనం వచ్చి కూర్చున్నారు. నేను సావడి గడప ఇవతల నిలబడ్డాను. మేనేజరు గడపకి అడ్డంగా నిలబడ్డారు. లోపలినుంచి దోసకాయ పప్పు తాలింపు వాసన, వంకాయ పులుసు వాసన. పొద్దుటినుంచి మేం ఏమీ తినలేదు.

వంటామె నాంచారమ్మ అన్నం గంగాళం పక్కన నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడింది. అరవై ఏళ్ళుంటాయి. గొంతు మాత్రం ఏరు అవతలికి వినపడేది.

"ఎంతమంది కూర్చున్నారు?"

"నలభై ఒకళ్ళు," అన్నారు మేనేజరు.

"గింజలు నలభై మూడు. ఇద్దరేరీ?"

"వాళ్ళు బయట తింటార్లే. నువ్వు వడ్డించు."

"బయట తినేవాళ్ళు గంటెందుకు కొట్టారు?"

"తెలీక కొట్టారు."

"తెలిసి కొట్టినా, తెలీక కొట్టినా వాళ్ళ బియ్యం ఎసట్లో పడ్డాయి. పిలవండి."

మేనేజరు ఆవిడ దగ్గరికెళ్ళి గొంతు తగ్గించి ఏదో చెప్పారు. ఏం చెప్పారో నాకు వినపడనక్కర్లేదు. నాంచారమ్మ తలెత్తి నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆ చూపులో జాలి లేదు, ఆదరణా లేదు. చిరాకు ఉంది. నా పని చెడగొట్టడానికి ఎక్కడినుంచి వచ్చావే అన్నట్టు చూసింది. ఆ తరవాత అదే చిరాకుతో మేనేజరు వైపు తిరిగింది.

"నాకు గింజ తెలుసుగానీ మనిషెవరో నాకెందుకు? నలభై ఏళ్ళుగా ఈ గంగాళం నా చేతిలో ఉంది. ఒక్కపూట లెక్క తప్పలా. మీరే కొట్టమని, మీరే వద్దంటే నేనేం చెయ్యను?"

"ఆ రెండు గింజలూ తీసెయ్. సరిపోతుంది."

"గంట వెనక్కి కొట్టండి. తీసేస్తాను."

సావడిలో ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు గిర్రున నా వైపు తిరిగారు. "చూడమ్మాయ్, నీ మూలాన ఇంతమంది ఆకలితో కూర్చున్నారు. చదువుకున్నదానివి. కొంచెం ఇంగితం ఉండాలి."

"నా మూలాన కాదండీ, మీ మూలాన. మీరు అడ్డు తప్పుకుంటే ఇప్పుడే అన్నం. కులం చూసి ఇట్లా ఆపడం నేరమని ఢిల్లీలో చట్టం చేసి రెండేళ్ళు దాటింది, మీకు తెలుసా?"

"కేసు పెడతావేంటి?"

"పెడతాను. ముందు ఉద్యోగంలో చేరి, తరవాత తీరిగ్గా పెడతాను."

ఈసారి సావడిలో బాగానే నవ్వారు. వెనకనుంచి నాన్న నా కొంగు పట్టుకుని లాగుతున్నాడు.

అప్పుడు మేనేజరుగారికి ఒక మహా ఆలోచన వచ్చింది. "ఇద్దరేగా తక్కువ? ఒక ఆకు ముందు నేను కూర్చుంటాను. ఇంకోదానికి వాచ్‌మన్‌ని పిలుస్తాను," అన్నారు. అని ఊరుకున్నా బాగుండేది. మనిషి పద్ధతైనవాడు. గంట కొట్టకుండా ఆ సావడిలో కూర్చున్న అలవాటు లేదు. పంచె ఎగ్గట్టుకుని గబగబా గుమ్మంలోకి వెళ్ళి టంగుమని గంట కొట్టొచ్చి దర్జాగా ఆకు ముందు చతికిలబడ్డారు.

నాంచారమ్మ చింతగింజ తీసి గిన్నెలో వేసింది. "నలభై నాలుగు," అంది. "కూర్చున్నది నలభై రెండు. ఇంకా ఇద్దరు తక్కువ. తమరి వాచ్‌మన్ కూడా కొడితే నలభై అయిదు."

సావడి గొల్లుమంది. నవ్వు అయిపోయాక ఆకలి గుర్తొచ్చింది జనానికి. ముందు వరసలో కోటిలింగం అనే రైతు ఉన్నాడు. పొదిలి దగ్గరివాడు, మిరపనారు కోసం వచ్చి ఇరుక్కున్నవాడు. పొద్దుటినుంచి మంచినీళ్ళతో ఉన్నాడట, అరుగు దగ్గర మా మాటలన్నీ విన్నాడట. ఆకుమీద చేత్తో బాదాడు.

"అయ్యా మేనేజరు గారూ! తమరు కొట్టి ఏం సాధించారండీ? అక్కడ నా నారు వాడిపోతా ఉంది, ఇక్కడ నేను వాడిపోతన్నా. ఆ అమ్మాయిని రానీయండి. మా ఊరి బడికేగా వచ్చేది!"

"వాళ్ళొచ్చి కూర్చుంటే నేను లేస్తాను," అన్నాడు అతని పక్కనున్న ముసలాయన.

నాంచారమ్మ వెంటనే అందుకుంది. "లే. భేషుగ్గా లే. అప్పుడూ ఒకళ్ళు తక్కువే. తెల్లారేదాకా అందరూ ఆకులు చూసుకుంటా కూర్చోండి. నాకేం, నేను పడుకుంటా."

కోటిలింగం ముసలాయన భుజం పట్టుకుని కిందికి నొక్కాడు. "లేచావంటే కాళ్ళిరగ్గొడతా బావా. కూర్చో!"

ముసలాయన కూర్చున్నాడు. ఇంకో నలుగురు గొంతు కలిపారు. రానీండి, రానీండి అని రెండో వరస మొత్తం అరిచింది. వాళ్ళకి ఉన్నట్టుండి నా మీద ప్రేమ పుట్టిందని నేననుకోలేదు. ఆకలేసింది, అంతే. ఆకలే న్యాయం మాట్లాడింది ఆ రోజు. నాకదీ చాలు.

మేనేజరు ఆకు ముందునుంచే, మా వైపు చూడకుండా, ఎదురుగా ఉన్న స్తంభంతో అన్నారు. "ఊఁ. కూర్చోండి."

నేను గడప దాటాను. వెనక్కి తిరిగి చూస్తే నాన్న దాటలేదు. ఆ గడపని చూస్తూ నిలబడ్డాడు. "నువ్వు తినిరా అమ్మా, నేను..." అంటున్నాడు.

"నీకోసం కూడా కొట్టాను నాన్నా. నువ్వు రాకపోతే ఇంకొకళ్ళు తక్కువే. వీళ్ళంతా మనల్నే తింటారు ఇప్పుడు."

కోటిలింగం కేకేశాడు. "రావయ్యా పెద్దాయనా, రా! చంపకు!"

నాన్న కాలెత్తి గడప దాటాడు. ఇద్దరం ఆకుల ముందు కూర్చున్నాం. మా పక్క ఆకు ఆ ముసలాయనదే అయింది. ఆయన తన ఆకుని జానెడు అవతలికి జరుపుకున్నాడు. ఆ జానెడు నేనిప్పటికీ మర్చిపోలేదు, మర్చిపోను కూడా. కానీ ఆయన లేవలేదు.

"నలభై నాలుగు!" అని అరిచింది నాంచారమ్మ. గరిటె లేచింది. సావడంతా ఒక్కసారి హమ్మయ్య అంది. పొగలు కక్కే అన్నం ఆకుమీద పడ్డాక నాకు ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గేం లేదు. ఏడుస్తూనే తిన్నాను. ఆ దోసకాయ పప్పంత రుచి మళ్ళీ ఎక్కడా చూడలేదు.

నాన్న రెండో విడత వడ్డనకి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎవరింట్లో పెట్టినా 'చాలండి' అనడం ఆయన అలవాటు. నాంచారమ్మ కస్సుమంది.

"చెయ్యి తియ్! ముప్పావు ఆకలితో లేస్తే నా వంటకి పేరేంటి? ఏం కావాలో చెప్పు."

"పులుసు..." అన్నాడు నాన్న గొణుగుతూ.

"వినపళ్ళా!"

"పులుసు ఇటు వెయ్యండమ్మా!"

నిజంగా కేకే అది. నేను ఉలిక్కిపడ్డాను. ఆయనకే ఆశ్చర్యమేసింది. అటూ ఇటూ చూసి, ఎవరూ ఏమీ అనకపోయేసరికి తల వంచుకుని నవ్వాడు. నాంచారమ్మ ఆకు పొర్లిపోయేంత పులుసు పోసింది. అదే మొహం, అదే చిరాకు.

చీటీలు పంచడం మేనేజరు పని. వరసగా వచ్చి ఒక్కొక్క ఆకు పక్కన వంగి పెట్టాలి. మా దగ్గర ఆగారు. తరవాత వంగి రెండు చీటీలు పెట్టారు. "పడవకి పాతికమంది. మీది రెండో పడవ," అన్నారు. నేను చీటీలు జాకెట్లో దోపుకుని, పెరుగన్నం కూడా కలుపుకుని తిన్నాను.

సావడి పక్క గదిలో చాపలు పరిచారు. హాయిగా నిద్రపోయాను. లేచేసరికి తెల్లవారింది. ఏరు దిగింది, రంగు ఇంకా ఎరుపే. పెట్టె తీసుకుని రేవు మెట్లు దిగుతున్నాం. అప్పుడు వినపడింది. సత్రం గంట. ఒకసారి కాదు. ఆగకుండా ఏడుసార్లో ఎనిమిదిసార్లో. వెనక్కి తిరిగి చూస్తే బండ్ల షెడ్డులో పడుకున్న పాలేర్లూ, నారు మూటలు మోసే ఆడవాళ్ళూ గుమ్మంలో గుంపుగా ఉన్నారు. పొద్దుటి గంజి కోసం ఒకళ్ళ తరవాత ఒకళ్ళు గంట లాగుతున్నారు. లోపలినుంచి నాంచారమ్మ అరుపు రేవు దాకా వచ్చింది. "ఒకళ్ళ తరవాత ఒకళ్ళు కొట్టండర్రా! లెక్క తప్పుద్ది! ఎంతమంది మీరు?"

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మాబు పడవలో చోటు చూపిస్తూ, "ఏంటమ్మా అంత నవ్వుతున్నారు?" అన్నాడు. నేను పెట్టె పడవలో సర్దుకుంటూ తల వంచుకున్నాను. చెబితే పడవలోనే ఏడ్చేసేదాన్ని.

అవతల పదింటి బస్సు దొరికింది. దారిలో రెండుసార్లు బురదలో దిగబడింది. అందరం దిగి తోశాం. కోటిలింగం నారు కట్టలు ఒళ్ళో పెట్టుకుని డ్రైవర్ని తిడుతూనే ఉన్నాడు. పొదిలి చేరేసరికి నాలుగు దాటింది. బడి దాకా దాదాపు పరిగెత్తాను.

హెడ్మాస్టరు గది ముందు వరండాలో బెంచీ మీద ఒకతను కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త పెన్ను. గోడ గడియారం వంకే చూస్తున్నాడు. లిస్టులో నా తరవాతి పేరు అతనిదేనని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. పాపం అనిపించింది. కానీ పక్కకి తప్పుకోవాలని మాత్రం అనిపించలేదు. నాలుగూ ఇరవైకి రిజిస్టరులో సంతకం చేశాను. 'రెబ్కా' అని తెలుగులో, పెద్ద అక్షరాలతో. హెడ్మాస్టరు గారు కళ్ళజోడు సవరించుకుని, సోమవారం నుంచి మూడో ఫారం నీదేనమ్మా అన్నారు. ఇప్పటి లెక్కలో ఎనిమిదో తరగతి.

నాన్నకి చెబుదామని గేటు వైపు చూశాను. ఏ ఆఫీసుకి వెళ్ళినా, ఏ ఇంటికి వెళ్ళినా ఆయన గేటు బయటే నిలబడతాడు. పిలిస్తేగానీ లోపలికి రాడు. పిలిచినా ఒకోసారి రాడు. గేటు దగ్గర లేడు. రోడ్డు మీద లేడు.

వరండాలో ఉన్నాడు. బెంచీ మీద, ఆ ఇస్త్రీ చొక్కా అతని పక్కనే, బురదకాళ్ళు ముందుకి చాపుకుని కూర్చున్నాడు. చేతిలో బడి ప్యూను తెచ్చిచ్చిన మంచినీళ్ళ గ్లాసు. వంకాయ పులుసులో ఎంత చింతపండు వెయ్యాలో ఆ ప్యూనుకి వివరంగా చెబుతున్నాడు. నన్ను చూసి లేవలేదు. కూర్చున్న చోటునుంచే, బడంతా వినపడేట్టు కేకేశాడు.

"ఏమ్మా, సంతకం అయిందా?"